మేలుజాతి గుర్రాలు, మేలుజాతి కార్లు: ఎత్తోరె బుగాటి జీవితం

మత్తిగిరి అనగానే హోసూరు ప్రాంతపు పెద్దలకు మొదట స్ఫురించేది పశువుల ఫారం. కాని 1824లో అక్కడ వెలసినది గుర్రాల స్థావరమనీ, కుంపినీవారి సైన్యానికి కావలసిన గుర్రాలను పెంచడానికే అంత మైదానం కేటాయించారనీ, పశువులు వెనుకనుంచి వచ్చినవేననీ, బ్రతుకుతెరువు కోసం యీ వైపు వచ్చి స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి తెలియదు. గుర్రాలను పెంచేవాడికి పెంపకంతోపాటు మరొక విద్య కూడా ఉండాలి. ఒకే జాతిలో పుట్టిన పిల్లలలో ఏది అధికారి స్వారీకి తగినది, ఏది ఫిరంగి లాగడానికి తగినది, ఏది బరువులు మోయడానికి మాత్రమే పనికివస్తుంది అని కాలూ, మెడా, ఊపిరీ చూసి వేరుచేయగలగాలి. మన మనుమంచిభట్టు గుర్రాల లక్షణాలను తెలుగులో గ్రంథస్థం చేసినదీ ఇందుకే కాబోలు.

యీ విద్య హోసూరులో తరువాత మరొక రూపం దాల్చింది. 1980లో టి.వి.యస్. వారి కర్మాగారం నుంచి చిన్న మోపెడ్డు బయలుదేరింది. 2006లో అపాచి అనే 150 సి.సి. మోటారు సైకిలు, 2007లో అదే పేరుతో 160, 2009లో 180, 2016లో 200, 2017 డిసెంబరులో 310 వచ్చాయి. 2018 నుంచి 160లోనే రెండు వాల్వులది ఒకటి, నాలుగు వాల్వులది ఒకటి పక్కపక్కనే అమ్మారు. 2013లో జర్మనీ బి.యం.డబ్ల్యు. వారితో కుదిరిన ఒప్పందం పుణ్యమా అని, 312 సి.సి. పైచిలుకు గల ఒకే ఇంజను ఇక్కడే తయారై, ఒక బండి మీద హోసూరు ముద్రతోనూ, మరొక బండి మీద జర్మనీ ముద్రతోనూ రోడ్డెక్కింది. ఇంటింటా కుర్రవాళ్లు యీ అంకెలను ఎక్కాలవలె అప్పజెప్పుతారు. పేరు ఒకటే, అంకె వేరు, ధర వేరు. ఆ వేరుకు ఇంజనులో ఆధారం ఉందా, చట్రంలో ఉందా, లేక పైన అంటించిన రంగు కాగితంలోనే ఉందా అన్నది తండ్రులు అడుగవలసిన ప్రశ్న; డబ్బు ఇచ్చేది వారే గనుక.

యీ ప్రశ్నతో జీవితమంతా పెనుగులాడిన మనిషి ఒకడు యూరపు ఖండంలో ఉండేవాడు. గుర్రాలంటే ప్రాణమిచ్చేవాడు. తాను చేసిన కార్లను మేలుజాతి గుర్రాలతో పోల్చుకొనేవాడు. ఉగాది సంచికలో సాధారణంగా మన మహనీయుల చరిత్రలే వేసుకోవడం ఆచారం. అయినా మన సంఘంలో ఎందరికో అన్నం పెట్టేది చక్రమే గనుక, యీ ఏటికి ఎత్తోరె బుగాటి కథ చెప్పుకొంటే పాఠకులు తప్పు పట్టరని ఆశిస్తాను.

ఎత్తోరె 1881 సెప్టెంబరు 15న ఇటలీలోని మిలాను నగరంలో జన్మించాడు. తండ్రి కార్లో బుగాటి పేరుపొందిన కొయ్యసామాను శిల్పి. ఆయన చేసిన కుర్చీలూ, బల్లలూ ఇప్పుడు వస్తు ప్రదర్శనశాలలలో ఉన్నాయి. మేనత్త భర్త జొవాన్ని సెగాంతీని చిత్రకారుడు. తమ్ముడు రెంబ్రాండుకు జంతువుల బొమ్మలు పోతపోయడంలో సాటిలేని నేర్పు ఉండేది. ఇంత కళాకారుల ఇంట పుట్టినవాడు గనుక ఎత్తోరెను కూడా మిలాను కళాశాలలో శిల్పం నేర్చుకొమ్మన్నారు. కొంతకాలం వెళ్లాడు గాని, తమ్ముడి చేతిపని చూసిన తరువాత తనకు ఆ దారి తగదని తెలుసుకున్నాడు. మనిషికి తన అంతస్తు తానే గుర్తించడం చిన్న విషయం కాదు. ఆయన దానిని పదిహేడేళ్లకే గుర్తించి, ప్రినేత్తి - స్తూక్కి అనే సైకిళ్ల కర్మాగారంలో పని నేర్చుకొనేందుకు చేరాడు. అక్కడ మూడు చక్రాల మోటారు బండ్లతో పందాలలో పాల్గొన్నాడు. 1901లో గులినెల్లి సోదరుల పెట్టుబడితో సొంతంగా ఒక కారు చేసి మిలాను ప్రదర్శనలో బహుమతి పొందాడు.

ఆ కారును చూసి ఆల్సేసు ప్రాంతంలోని ద దియెత్రిక్ కంపెనీవారు 1902లో ఆయనను కార్ల రూపకర్తగా పిలిచారు. అప్పటికింకా మైనారిటీ తీరలేదు. ఒప్పందంమీద తండ్రి సంతకం చేయవలసివచ్చింది. ఆల్సేసు అప్పుడు జర్మనీ ఏలుబడిలో ఉండేది. రెండేళ్లకు అక్కడనుంచి వెళ్లి, ఎమిల్ మతీస్ అనే వ్యాపారితో కొంతకాలం, ఆ తరువాత 1907 నుంచి కొలోను నగరంలోని డాయిట్జ్ కర్మాగారంలో పనిచేశాడు. పగలు కంపెనీవారి పెద్ద కార్లు గీయడం, తీరిక వేళల్లో తన ఇంటి నేలమాళిగలో తనకోసం ఒక చిన్న కారు కట్టుకోవడం, ఇదీ ఆయన దినచర్య. ఆ చిన్న కారుకు మేలుజాతి పిల్లగుర్రం అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరు స్థిరపడింది. 1909 చివర ఉద్యోగం వదలి, బ్యాంకు అప్పు తీసుకుని, ఆల్సేసులోని మోల్సైం అనే చిన్న ఊళ్లో మూతపడిన అద్దకం మిల్లు ఒకటి అద్దెకు తీసుకుని సొంత కర్మాగారం పెట్టాడు.

అక్కడ మొదటగా తయారైనది 13వ రకం. దానికి నాలుగు సిలిండర్లు, ఇంజను పరిమాణం 1.3 లీటర్లు. ఆ రోజుల్లో పందెపు కారు అంటే గదంత ఇంజను ఉండాలన్నది నమ్మకం. 1911లో లె మాన్‌లో జరిగిన పందెంలో పది లీటర్ల ఫియట్ కారు మొదట రాగా, దాని వెనుక రెండవదిగా యీ పిల్లగుర్రం వచ్చింది. నడిపినవాడు ఎర్నెస్ట్ ఫ్రిడెరిక్ అనే ఆయన మెకానిక్కు. బరువు తగ్గిస్తే బలం పెరిగినట్లేనని ఆనాడు అందరికీ తెలిసింది.

యీ 13వ రకం దగ్గరే మన కథకు కావలసిన మొదటి పాఠం ఉంది. కర్మాగారం చిన్నది, డబ్బు తక్కువ. ఒక్కొక్క గిరాకీకి ఒక్కొక్క ఇంజను చేసే శక్తి లేదు. అందుచేత బుగాటి ఇంజను ఒకటే ఉంచి చట్రం పొడవు మార్చాడు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య రెండు మీటర్లు ఉంటే 13వ రకం, అది పందానికి. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు ఉంటే 15వ రకం. రెండు మీటర్ల యాభై అయిదు ఉంటే 17వ రకం; ఇద్దరికి మించి కూర్చోవలసిన ఇంటికి అది. తరువాత వీటిని కొంత మెరుగుచేసి 22, 23 అని పేర్లు పెట్టాడు. కొనేవాడికి మూడు కార్లు, చేసేవాడికి ఒక్క ఇంజను. ఇందులో మోసమేమీ లేదు. పొడవు కళ్లకు కనబడేదే, టేపు పట్టి కొలుచుకోవచ్చు. అదే సమయంలో పెద్ద కంపెనీ అయిన పియజో వారికి చిన్న కారు ఒకటి గీసి ఇచ్చి, దాని మీద వచ్చిన డబ్బుతో తన కొలిమి ఆరకుండా చూసుకున్నాడు.

1914లో యుద్ధం వచ్చింది. ఇటలీ పౌరుడు జర్మనీ నేలమీద ఉండలేక కుటుంబంతో మిలానుకూ, తరువాత పారిస్‌కూ వెళ్లి, విమానాల ఇంజనులు గీశాడు. వాటిలో పదహారు సిలిండర్లది ఒకటి అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ వారు తయారుచేశారు. 1916లో తమ్ముడు రెంబ్రాండు పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ముప్పయ్యేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అన్న ఆ దుఃఖాన్ని ఎవరితోనూ చెప్పుకున్నట్టు కనబడదు గాని, పన్నెండేళ్లు తిరగకుండానే తమ్ముడు పోతపోసిన ఏనుగు బొమ్మ అన్న చేసిన అన్నింటికంటె పెద్ద కారు మూతిమీద నిలబడింది. ఆ సంగతి ముందు వస్తుంది.

యుద్ధానంతరం ఆల్సేసు ఫ్రాన్సుకు దక్కింది. బుగాటి మోల్సైంకు తిరిగివచ్చి, దాచి వెళ్లిన కార్లను వెలికితీశాడు. 1920లో లె మాన్‌లో చిన్న కార్ల పందెం గెలిచాడు. 1921లో ఇటలీలోని బ్రెష్షాలో మొదటి నాలుగు స్థానాలూ ఆయనవే. అప్పటినుంచి ఆ పాత 13వ రకానికి, దాని పొడుగు చెల్లెళ్లకు బ్రెష్షా అన్న పేరు వచ్చింది. గెలిచిన ఊరి పేరు కారుకు పెట్టడం అప్పటికి బేరసారాలలో పెద్ద ఎత్తే.

ఇక ఆయన కీర్తికి మూలస్తంభమైన 35వ రకం దగ్గరికి వద్దాము. 1924 ఆగస్టులో ఫ్రాన్సులోని లియాన్ పందెంలో అయిదు కార్లు తెచ్చి నిలబెట్టాడు. టైర్లు పాడై ఆనాడు గెలవలేదు గాని, చూసినవారు గెలిచిన కార్లను మరచి వీటి చుట్టూ మూగారు. గుర్రపు నాడా ఆకారపు రేడియేటరు, తోక సన్నగిల్లిన వొళ్లు, పోత అల్యూమినియంతో చేసిన ఎనిమిది చువ్వల చక్రాలు. చక్రంతోపాటే బ్రేకు డ్రమ్ము కూడా ఒకే పోతలో ఉండేది, చక్రం విప్పితే బ్రేకు కంటి ఎదుటికి వచ్చేది. ముందు ఇరుసు లోపల గుల్ల. స్ప్రింగులు ఆ ఇరుసును చీల్చుకొని పోతాయి. ఇంజను రెండు లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరుకు మూడేసి వాల్వులు, దాదాపు 90 అశ్వశక్తి. క్రాంకు షాఫ్టును ముక్కలుగా చేసి, బాల్ బేరింగులు, రోలర్ బేరింగులు తొడిగి, మళ్లీ ఒకటిగా బిగించేవారు. ఆ పని చేయగల చేతులు తక్కువ. మన హోసూరు షాపులలో బేరింగు ఎక్కించినవారికి ఆ శ్రమ ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

యీ కారు కావాలని అడిగినవారు ఎందరో. అందరూ పందెగాళ్లు కారు. అందరికీ అంత డబ్బూ లేదు. అప్పుడు బుగాటి 1925లో చేసిన పని ఆయన జీవితంలోనే ఆలోచించదగిన ఘట్టం. పైన అదే వొళ్లు, అదే నాడా రేడియేటరు ఉంచి, లోపల ముక్కల క్రాంకు షాఫ్టు తీసివేసి 30వ రకపు సాదా క్రాంకు షాఫ్టు వేశాడు. వాల్వులు చిన్నవి చేశాడు. పోత చక్రాల స్థానంలో తీగ చువ్వల చక్రాలు పెట్టాడు. దానికి 35ఎ అని పేరు. కర్మాగారంవారే దానిని పందెపు కారుకు అనుకరణ అని వ్యవహరించారు. జనం ఇంకొక అడుగు ముందుకు వేసి తెక్లా అన్నారు. తెక్లా అంటే ఆనాడు పారిస్‌లో నకిలీ ముత్యాలు అమ్మిన కొట్టు పేరు. మన ఊళ్లో గిల్టు నగ అన్నట్టన్నమాట.

వేళాకోళం ఎంత చేసినా తెక్లాలు 130 పైచిలుకు అమ్ముడుపోయాయి. ధర తక్కువ, మరమ్మతు సులువు, నడిపేవాడికి తలనొప్పి తక్కువ. నిజం చెప్పాలంటే రోజూ తిరిగేవాడికి అసలుకంటె అనుకరణే మేలు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. 13, 15, 17 రకాలలో తేడా బయటనే కనబడేది. 35కూ 35ఎకూ మధ్య తేడా ఇంజను విప్పితేగాని పూర్తిగా తెలియదు. బయట చక్రాలు మాత్రమే గుర్తు. ఆ గుర్తును ఆయన దాచలేదు, ధరలోనూ దాచలేదు. కాబట్టి దీనిని మోసం అనడానికి నాకు మనసు ఒప్పదు. కాని కారు కొన్నవాడు వీధిలో పోతూ తాను అసలు గుర్రం ఎక్కినట్టు కనబడాలనే కోరికను బుగాటి కనిపెట్టి, ఆ కోరికకు ఒక ధర కట్టాడన్నది మాత్రం నిజం. మోటారు వ్యాపారమంతా ఆ తరువాత నడిచింది చాలావరకు యీ దారినే.

35 కుటుంబం అక్కడితో ఆగలేదు. 1926లో సిసిలీ దీవిలోని తార్గా ఫ్లోరియో పందెంకోసం ఇంజను 2.3 లీటర్లకు పెంచి, తార్గా పేరులోని మొదటి అక్షరం తగిలించి 35టి అన్నాడు. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే సూపర్‌ఛార్జరు అనే యంత్రం అప్పటికి పోటీదారులందరూ వాడుతున్నారు. బుగాటికి అది అధర్మంగా తోచేది. చిన్న ఇంజను పేరు చెప్పి పెద్ద ఇంజను పని చేయించుకోవడమేనని ఆయన వాదం. కాని ఓడిపోతూ ధర్మం మాట్లాడితే గిరాకీ ఉండదు. 1926లో ఆయనా లొంగాడు. రెండు లీటర్ల ఇంజనుకు సూపర్‌ఛార్జరు పెడితే 35సి. ఆ అక్షరం ఫ్రెంచిలో గాలి అదిమే యంత్రం పేరులోనిది. 2.3 లీటర్ల ఇంజనుకు పెడితే 35బి, 1927. ఇవి 120 మొదలు 130 పైబడి అశ్వశక్తి ఇచ్చేవి. చూడడానికి అన్నీ ఒకే తల్లి బిడ్డలు. తెలిసినవాడు బోనెట్టు కుడిపక్కకు వెళ్లి చూస్తాడు. అక్కడ చిన్న గుండ్రటి కన్నం ఉంటే సూపర్‌ఛార్జరు ఉన్నట్టు. లోపలి ఒత్తిడి మితిమీరితే వదలడానికి పెట్టిన వాల్వుకు దారి అది. అలంకారం కాదు, అవసరం. గుర్తు అంటే అట్లా ఉండాలని నా అభిప్రాయం.

ఇంతటితోనూ సరిపెట్టక, 35వ రకపు వొంటిలోనే ఒకటిన్నర లీటరు, నాలుగు సిలిండర్ల ఇంజను పెట్టి 37వ రకం అన్నాడు. దాదాపు 60 అశ్వశక్తి. దానికీ సూపర్‌ఛార్జరు కావాలంటే 37ఎ. ఒకటిన్నర లీటరు లోపలి పందాలకోసం ఎనిమిది సిలిండర్లతోనే 39వ రకం. 37వ రకపు ఇంజను తీసి సంసారపక్షపు కారులో పెడితే 40వ రకం. ఇక 35బి ఇంజను తీసి నలుగురు కూర్చునే కారులో పెడితే 1927లో వచ్చిన 43వ రకం. సంసారి ఎక్కి గంటకు 160 కిలోమీటర్లు దాటి పోగల కారు ఆ కాలంలో అరుదు. పాఠకులు యీ అంకెల అడవిలో విసుగు చెందకుండా ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలును. కొత్త అంకె వచ్చిందంటే ఇంజనో చట్రమో మారినట్టు. అక్షరం చేరిందంటే ఆ ఇంజనుకే ఏదో జోడించినట్టు, లేదా తెక్లాలో వలె తీసివేసినట్టు. ఆయన కార్ల పట్టిక చదవడం మన పంచాంగం చదవడం వంటిది. మొదట అయోమయం, మర్మం తెలిస్తే తేట.

ఫలితం ఏమంటే 1925 నుంచి 1929 వరకు వరసగా అయిదేళ్లు తార్గా ఫ్లోరియో బుగాటిదే. 1926లో ప్రపంచ తయారీదారుల పతకం ఆయనది. 1929లో మొనాకో నగర వీధుల్లో తొలిసారి జరిగిన పందెంలో 35బి గెలిచింది. నడిపిన విలియమ్స్ తరువాత రెండవ ప్రపంచ యుద్ధంలో రహస్య ప్రతిఘటనలో పనిచేసి జర్మనుల చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. 1928 తార్గా ఫ్లోరియోలో ఎలిష్కా యూన్‌కోవా అనే చెక్ వనిత 35బి నడిపి, కొంతసేపు మహామహుల నందరిని వెనుకవేసి, చివరకు అయిదవ స్థానంలో నిలిచింది. పందెం నడిపేవారికే ఆ కారును మామూలు గిరాకీలకూ అమ్మడం బుగాటి పద్ధతి. డబ్బు, ధైర్యం ఉన్నవారెవరైనా కర్మాగారపు జట్టుతో సమానమైన కారు కొనవచ్చును.

మోల్సైంలో ఆయన జీవితం జమీందారు జీవితమే. గుండ్రటి టోపీ, స్వారీ దుస్తులు ధరించి గుర్రంమీదనో, తాను చేయించుకున్న సైకిలుమీదనో కర్మాగారం తిరిగేవాడు. పనివాళ్లు ఆయనను యజమాని అనే పిలిచేవారు. గుర్రపుశాల కర్మాగారమంత శుభ్రంగా, కర్మాగారం గుర్రపుశాలంత శుభ్రంగా ఉండేవి. కారు తీసుకుపోవడానికి వచ్చిన గిరాకీలు బసచేయడానికి హోటలు కట్టించి దానికీ మేలుజాతి గుర్రం పేరే పెట్టాడు. పనివాళ్ల చేతిలోని బిగింపు పట్టకార్లను కూడా తానే గీసి పోయించాడు. ఇంత ముచ్చట ఉన్నవాడికి మొండితనమూ తక్కువ లేదు. ఇతరులు నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులకు మారి ఏళ్లు గడిచినా, ఆయన 1938 వరకు తీగలతో లాగే బ్రేకులనే పట్టుకు వేలాడాడు.

ఆ మొండితనానికి పరాకాష్ఠ 41వ రకం, రాయల్ అనబడిన రాజుల కారు. ఇంజను పన్నెండున్నర లీటర్లు దాటింది. ఇరుసుల మధ్యే నాలుగు మీటర్ల ముప్పయి సెంటీమీటర్లు. రేడియేటరు మూతమీద రెంబ్రాండు చేసిన ఏనుగు తొండమెత్తి నిలబడింది. 25 కార్లు చేసి రాజులకు అమ్మాలని సంకల్పం. చేసినవి ఆరు. బయటివారు కొన్నవి మూడు. రాజు ఒక్కడూ కొనలేదు. మొదటిది 1932లో ఎస్డెర్స్ అనే బట్టల వ్యాపారి కొన్నాడు; రాత్రివేళ కారు నడపనని చెప్పి ముందు దీపాలు వద్దన్నాడు. ఒక రాజు కొనడానికి వస్తే భోజనంవేళ ఆయన తీరు నచ్చక బుగాటి అమ్మలేదని కథ చెప్పుకొంటారు. నిజమో కాదో గాని, 1929 తరువాత ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో మునిగినప్పుడు రాజులకోసం కారు చేయడం లెక్క తప్పిన పనే. మెట్లన్నీ కట్టి, ఎవరూ ఎక్కని చోట పై మెట్టు కట్టాడు.

అయినా దేవుడు చల్లగా చూశాడు. మిగిలిపోయిన ఆ మహా ఇంజనులను రైలు పెట్టెలలో బిగించి 1933 నుంచి ఫ్రెంచి రైల్వేలకు అమ్మాడు. అవి గంటకు 190 కిలోమీటర్లు దాటి పరుగెత్తి పేరు తెచ్చాయి. రాజుల కారు గుండెకాయ రైలు ప్రయాణికులనూ మోసింది. కర్మాగారం నిలబడింది.

కాని రైలు పెట్టెల కోసం పనివాళ్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. అంతకుముందు ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలిచిన యజమానికి ఇప్పుడు ముఖాలే తెలియవు. 1936లో ఫ్రాన్సంతటా సమ్మెలు చెలరేగినప్పుడు మోల్సైం కార్మికులు కూడా కర్మాగారాన్ని ఆక్రమించి కూర్చున్నారు. దానిని ఆయన నమ్మకద్రోహంగా భావించాడు. మనసు విరిగి పారిస్‌కు మకాం మార్చి, కర్మాగారం పెద్దకొడుకు జాన్‌కు వదలిపెట్టాడు. ఆయన దుఃఖం అర్థం చేసుకోదగినదే. అయినా కార్లలో ఇన్ని తరగతులను అంత నేర్పుగా వేరుచేసినవాడు, తన పనివాళ్లను మాత్రం ఒకే మందగా, తన ఇంటి బిడ్డలుగా తలచి, వారికి వేరే కోరికలు ఉండవనుకోవడమే పొరపాటు. సెలవులు, పనిగంటలు, కూలి అనేవి వాత్సల్యంతో తీరే సంగతులు కావని హోసూరులో పనిచేసిన మనకు తెలుసు.

జాన్ 1909లో పుట్టాడు. తండ్రికి ఇంజను తెలిసినట్టు కొడుక్కు రూపం తెలుసు. 1934లో వచ్చిన 57వ రకం చాలావరకు ఆయన చేతిది. 3.3 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, పైన రెండు కామ్ షాఫ్టులు, 135 అశ్వశక్తి. అంతకుముందు ఇంటినిండా పిల్లల్లా ఉన్న రకాలను తగ్గించి, యీ ఒక్క చట్రం మీదనే అంతస్తులన్నీ నిలబెట్టాడు. నాలుగు తలుపుల వొళ్లు కడితే గలిబియె, రెండు తలుపులతో నలుగురు కూర్చునేది వాంతూ, గుడ్డకప్పుది స్తెల్వియో. మూడూ కొండల పేర్లే. ఇద్దరు కూర్చునేది అతలాంత్. సూపర్‌ఛార్జరు ఉంటే 57సి, 160 అశ్వశక్తి. చట్రం పొట్టిచేసి, నేలకు దించి, వెనుక ఇరుసు చట్రం గుండా పోయేటట్టు చేస్తే 57యస్. యీ రెండు గుణాలూ కలిస్తే 57యస్‌సి. 57 మొత్తం 700 దాకా తయారు కాగా, కిందికి దించిన యస్ రకం నలభై పైచిలుకు మాత్రమే.

యీ కుటుంబంలో అట్లాంటిక్ అనే కారు ఒకటి ఉంది. దాని వీపుమీద మూతినుంచి తోకవరకు రివెట్లు కొట్టిన కుట్టు కనబడుతుంది. 1935లో నమూనాగా చేసిన కారు మెగ్నీషియం కలిసిన లోహంతో చేసినది. దానిని వెల్డింగు చేయ వీలులేక రెండు సగాలను రివెట్లతో కలిపారు. తరువాత కార్లు అల్యూమినియంతో చేశారు. అల్యూమినియంకు వెల్డింగు చేయవచ్చు. అయినా జాన్ ఆ కుట్టును ఉంచేశాడు. 35బి బోనెట్టు కన్నం అవసరం, అట్లాంటిక్ కుట్టు అందం. తండ్రి కార్లలో గుర్తు ఇంజనునుంచి పుట్టింది, కొడుకు కారులో జ్ఞాపకంనుంచి పుట్టింది. నేను మొదటిదాని పక్షమే, కాని రెండవదాన్ని చూసి ముగ్ధుడు కానివాడు లేడు. చేసిన నాలుగు అట్లాంటిక్కులలో జాన్ తనకోసం ఉంచుకున్న నల్లకారు యుద్ధకాలంలో కనబడకుండాపోయి ఇంతవరకు దొరకలేదు.

1937లోనూ, 1939లోనూ లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెం 57వ రకంనుంచి పుట్టిన కార్లే గెలిచాయి. 1939 ఆగస్టు 11 రాత్రి, ఆ గెలిచిన కారునే మోల్సైం దగ్గర రోడ్డుమీద పరీక్షిస్తూ, అడ్డువచ్చిన సైకిలువాడిని తప్పించబోయి జాన్ చెట్టుకు కొట్టుకున్నాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ముప్పయ్యేళ్లు. మూడు వారాలు తిరగకుండా యూరపులో యుద్ధం మొదలయింది.

ఆ తరువాత ఎత్తోరె బ్రతికిన ఎనిమిదేళ్లూ నష్టాల పట్టికే. జర్మనులు కర్మాగారాన్ని బలవంతాన కొన్నారు. 1944లో మొదటి భార్య బార్బరా చనిపోయింది. యుద్ధం ముగిశాక ఫ్రెంచి ప్రభుత్వం, ఆయన శత్రుదేశమైన ఇటలీ పౌరుడని చెప్పి ఆస్తి స్వాధీనం చేసుకుంది. జీవితమంతా ఫ్రాన్సుకు పతకాలు తెచ్చినవాడు 1946లో ఫ్రెంచి పౌరసత్వం తీసుకుని కోర్టులకెక్కాడు. 1947లో తీర్పు ఆయన పక్షాన వచ్చింది. అప్పటికి ఆ మాట గ్రహించే స్థితిలో ఆయన లేడంటారు. ఆ సంవత్సరం ఆగస్టు 21న పారిస్‌లో కన్నుమూశాడు. మోల్సైం పక్కనున్న దొర్లిషైంలో కుటుంబ సమాధులలో ఆయనను ఉంచారు.

కంపెనీ 1963లో ఇతరుల చేతికి పోయింది. 1998లో జర్మనీ ఫోక్స్‌వాగన్ వారు పేరు కొనుక్కుని, 2005లో పదహారు సిలిండర్లు, 1001 అశ్వశక్తి గల కారు మోల్సైంలోనే తయారుచేసి, 1939లో లె మాన్ గెలిచిన వారిలో ఒకడైన పియర్ వేరాన్ పేరు దానికి పెట్టారు. దానికీ కప్పు తీసేది ఒకటి, మరింత వేగంగా పోయేది ఒకటి అంటూ తరగతులు వచ్చాయి.

ఎత్తోరె స్వయంగా చేయించిన కార్లు ఎనిమిదివేలకు లోపే. వాటిని కొనేవారు ఇప్పుడు ముందు చూసేది రంగూ కాదు, వొళ్లూ కాదు, చట్రంమీది అంకె. ఎందుకంటే ఆనాటి తెక్లాలలో చాలావాటికి తరువాతి యజమానులు పోత చక్రాలు తొడిగి, అసలు క్రాంకు షాఫ్టు వేయించి, సూపర్‌ఛార్జరు బిగించి, బోనెట్టు కుడిపక్కన కన్నం కూడా తొలిపించారు. 57యస్ కార్లలోనూ అంతే. సూపర్‌ఛార్జరుతో కర్మాగారం దాటినవి రెండే, తక్కినవాటికి సొంతదారులు మోల్సైంకు తిరిగి తీసుకుపోయి పెట్టించుకున్నవే. 35బి అని చెప్పి అమ్మకానికి వస్తే, తెలిసినవాడు దీపం పట్టుకుని ఇంజను కిందికి దూరి, అది పుట్టుకతో 35బి అవునో కాదో చూసి, ఆ తరువాతే ధర మాట్లాడుతాడు.